గనికి అనుమతి, ఊరికి నీరు

గని తవ్వడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి ఒక్క కాగితంతో ముగిసేది కాదు. లీజు ఒకరు ఇస్తారు, పర్యావరణ అనుమతి ఇంకొకరు ఇస్తారు, అడవి భూమి ఉంటే మరొకరి సంతకం కావాలి, కాలుష్య నియంత్రణ మండలి విడిగా చూస్తుంది. ఏ ఖనిజానికి ఎవరి మాట చెల్లుతుందో 1957 నాటి గనులు, ఖనిజాల అభివృద్ధి, నియంత్రణ చట్టం చెబుతుంది. రాయి, కంకర, మొరం, ఇసుక వంటివి చిన్న తరహా ఖనిజాలు. వాటి మీద అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. బొగ్గు, ఇనుము, సున్నపురాయి పెద్ద ఖనిజాలు. యురేనియం వంటి అణు ఖనిజాల విషయంలో చివరి మాట కేంద్రానిది. ఎవరి అధికారం ఎక్కడిదాకా ఉన్నా, తవ్వకం మొదలయ్యాక ఊరివాళ్లు మొదట అడిగే ప్రశ్న మాత్రం అన్ని చోట్లా ఒకటే: మా బోరు నీళ్లు ఏమవుతాయి?

రంగారెడ్డి జిల్లా కొత్తూరు మండలానికి ఈ విషయం కొత్త కాదు. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద శంషాబాద్ దాటి ముందుకు వెళ్తే, ఆ నేలంతా గట్టి గ్రానైటు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. దాని చుట్టూ రోడ్లు, గోదాములు, ఫ్యాక్టరీలు, వెంచర్లు వచ్చాయి. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. ఇంత కాంక్రీటుకు కావలసిన కంకర దూరం నుంచి తెస్తే గిట్టదు. లారీ బాడుగే రాయి ఖరీదును మించిపోతుంది. అందుకే నగరం ఎటు పెరిగితే క్వారీలు, క్రషర్లు అటే నడిచి వస్తాయి.

క్వారీలో పని తీరు ఇలా ఉంటుంది. గుట్ట మీది మట్టి పొరను ముందు తీసేస్తారు. కంప్రెసర్ పెట్టి రాతిలో వరుసగా రంధ్రాలు వేస్తారు. వాటిలో మందు కూరి, సైరన్ మోగించి పేలుస్తారు. పగిలిన బండలు టిప్పర్లలో క్రషర్‌కు చేరతాయి. అక్కడ దవడల్లాంటి ఇనుప పలకల మధ్య నలిగి, జల్లెడల మీద 40 ఎం.ఎం., 20 ఎం.ఎం. కంకరగా, చివరికి డస్టుగా విడిపోతాయి. నీళ్లు చల్లకపోతే ఆ పొడి పక్క చేలలో ఆకుల మీద తెల్లగా పేరుకుంటుంది. గ్రానైటులో సిలికా ఎక్కువ. ఆ పొడిని ఏళ్ల తరబడి పీల్చిన కూలీకి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు. వచ్చాక దానికి మందు లేదు. గొయ్యి లోతు భూగర్భ జల మట్టాన్ని దాటితే గుంటలోకి నీరు ఊరుతుంది. దాన్ని మోటారు పెట్టి తోడి బయట పోస్తే, చుట్టుపక్కల బోర్లలో మట్టం పడిపోతుంది. గ్రానైటు నేలలో నీరు రాతి పగుళ్లలోనే ఉంటుంది కాబట్టి ఏ పగులు ఎవరి బోరుకు దారి తీస్తుందో పైనుంచి చూసి చెప్పడం కష్టం.

ఇలాంటి క్వారీకి దరఖాస్తు గనుల శాఖ జిల్లా కార్యాలయానికి వెళ్తుంది. తహసీల్దారు భూమి వివరాలు చూసి ఎన్‌ఓసీ ఇవ్వాలి. తర్వాత మైనింగ్ ప్లాన్, పర్యావరణ అనుమతి, కాలుష్య నియంత్రణ మండలి నుంచి స్థాపనకు ఒక సమ్మతి, నడపడానికి మరో సమ్మతి ఉండాలి. ఒకప్పుడు ఐదు హెక్టార్ల లోపు క్వారీలకు పర్యావరణ అనుమతి అడిగేవారే కాదు. పెద్ద గుట్టను చిన్న చిన్న ముక్కలుగా పంచుకుని లీజులు తీసుకుంటే ఎవరికీ ఏ లెక్కా చెప్పనక్కరలేకపోయేది. 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ దారి మూసింది. ఐదు హెక్టార్ల లోపు లీజులకూ అనుమతి తప్పనిసరి అన్నది. ఆ తర్వాతి నిబంధనల ప్రకారం ఒకదానికొకటి 500 మీటర్ల లోపున ఉన్న లీజులన్నిటినీ ఒక సమూహంగా లెక్కిస్తారు. ఊరి దృష్టితో చూస్తే ఇది న్యాయమైన లెక్క. పది క్వారీల దుమ్ము కలిసి ఒకే ఇంటి మీద పడుతున్నప్పుడు, ఒక్కో క్వారీని విడివిడిగా కొలిచి అన్నీ చిన్నవే అనడంలో అర్థం లేదు.

శంషాబాద్ ప్రాంతానికి నీటి విషయంలో ఇంకో కాపలా కూడా ఉండేది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల లోపున కాలుష్యం తెచ్చే పరిశ్రమలు, పెద్ద నిర్మాణాలు రాకుండా 1996 మార్చి 8న 111వ నంబరు జీవో ఇచ్చారు. 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం 69వ నంబరు జీవోతో ఆ ఆంక్షలు తీసేసింది. నగరానికి ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి, ఆ రెండు చెరువుల మీద ఆధారపడడం తగ్గింది అన్నది అప్పుడు చెప్పిన కారణం. అంటే నగరం తన నీటి భారాన్ని నూరు కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న నదుల మీద పెట్టింది. ఆ నది ఒడ్డున ఏ గని వస్తుందన్నది అప్పటి నుంచి హైదరాబాద్ వాసులకూ, శంషాబాద్ వాసులకూ సొంత విషయం అయింది.

కృష్ణా ఒడ్డున అలాంటి గని ప్రతిపాదన అంతకు చాలా ముందే వచ్చింది. నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగర్ జలాశయానికి ఆనుకుని ఉన్న లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతంలో యురేనియం ఉందని అణు ఖనిజాల అన్వేషణ సంస్థ గుర్తించింది. ఏఎండీ అని అందరూ పిలిచే ఈ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్ బేగంపేటలోనే ఉంది. అక్కడి భూగర్భం తీరు తెలిస్తే ఆ యురేనియం ఎందుకు పైపైనే దొరుకుతుందో అర్థమవుతుంది. కింద ఉన్నది తెలంగాణ అంతటా పరుచుకున్న పాత గ్రానైటు, కొత్తూరు గుట్టల్లో కనిపించే రాతి కుటుంబమే. దాని మీద కోట్ల ఏళ్ల తర్వాత ఇసుకరాళ్ల పొరలు పడ్డాయి. పాత గ్రానైటుకూ, మీది పొరకూ మధ్యనున్న అతుకు దగ్గర యురేనియం పోగయింది. అదే అతుకు వెంట, అవే పగుళ్ల వెంట నీరూ కదులుతుంది. ఖనిజం, నీరు ఒకే చోట ఉండడమే పెద్దగట్టు సమస్య మొత్తం.

కేంద్ర ప్రభుత్వ సంస్థ యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే యూసీఐఎల్, ఇక్కడ ఒక ఓపెన్ కాస్ట్ గని, మూడు భూగర్భ గనులు తవ్వుతామని ముందుకు వచ్చింది. 1967లో పుట్టిన ఈ సంస్థకు జార్ఖండ్‌లోని జాదూగూడ కేంద్రం. పెద్దగట్టులో అడిగిన భూమి 1,300 ఎకరాలకు పైగా. అందులో చాలా భాగం యల్లాపురం రిజర్వు అడవి. చుట్టూ లంబాడీ తండాలు. 2003 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. జనం గట్టిగా వద్దన్నారు. శుద్ధి కర్మాగారానికి మొదట అనుకున్న మల్లాపురాన్ని వదిలి దేవరకొండ దగ్గర శేరిపల్లికి మార్చారు. 2005లో దాని మీద కూడా సభ పెట్టారు, అక్కడా వ్యతిరేకతే వచ్చింది. అయినా అదే ఏడాది చివర గనికి కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి ఇచ్చింది.

వ్యతిరేకతకు కారణం నల్లగొండ చరిత్రలో ఉంది. ఆ జిల్లా దశాబ్దాలుగా ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంకరపోయిన మనుషులను చూసింది. వాళ్లకు విముక్తిగా వచ్చింది కృష్ణా నీరే. సాగర్ వెనుక జలాల నుంచి పుట్టంగండి దగ్గర తోడిన నీరు అక్కంపల్లి జలాశయానికి చేరుతుంది. కోదండాపురంలో శుద్ధి అయి మూడు దశల్లో వేసిన పైపుల ద్వారా హైదరాబాద్‌కు వస్తుంది. 2004లో మొదటి దశ, 2008లో రెండోది, 2015లో మూడోది పూర్తయ్యాయి. ఒక్కో దశ సామర్థ్యం రోజుకు తొమ్మిది కోట్ల గ్యాలన్లు. శంషాబాద్ వైపు కూడా ఈ నీళ్లే అందుతున్నాయి. ఒక జిల్లాకు రోగం తగ్గించిన నీటికీ, ఒక మహానగరం తాగే నీటికీ మూలమైన జలాశయం పక్కన యురేనియం తవ్వడం గురించి భయపడ్డవాళ్లను అభివృద్ధికి అడ్డు అనడం తగదు. అనుమతి వచ్చినా ఆ గని తెరుచుకోలేదు. జనం నిలబడ్డారు, పర్యావరణ కార్యకర్తలు, శాస్త్రవేత్తలు తోడు నిలిచారు.

అనుమతి వచ్చి, గని తెరుచుకుని, పని కూడా జరిగిన చోటు కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె. పులివెందులకు దగ్గర. ఇక్కడ ప్రజాభిప్రాయ సేకరణ 2006 సెప్టెంబరులో జరిగింది. 2007 నవంబరులో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. 2012లో ఉత్పత్తి మొదలైంది. 2011లో అణుశక్తి సంఘం ఛైర్మన్ శ్రీకుమార్ బెనర్జీ ఇక్కడ 49,000 టన్నుల యురేనియం నిర్ధారణ అయిందనీ, మొత్తం లక్షన్నర టన్నుల దాకా ఉండవచ్చనీ ప్రకటించారు. ప్రపంచంలోనే పెద్ద నిల్వల్లో ఒకటిగా దాని పేరు మోగింది.

నిల్వ పెద్దదే, కానీ రాతిలో యురేనియం పాలు చాలా తక్కువ. నూటికి 0.04 ప్రాంతంలో ఉంటుంది. వెయ్యి కిలోల రాయి పిండి చేస్తే నాలుగు వందల గ్రాములు. కర్మాగారం సామర్థ్యం రోజుకు 3,000 టన్నుల రాయి. అంటే తీసుకువచ్చిన రాయి దాదాపు అంతా మెత్తటి బురదగా మారి మళ్లీ ఎక్కడో ఒక చోట పడవలసిందే. పైగా ఆ రాయి డోలమైటు జాతి సున్నపురాయి. మామూలుగా యురేనియాన్ని గంధకికామ్లంతో కరిగిస్తారు. సున్నపురాయిలో ఆమ్లం పోస్తే అదంతా రాయికే ఖర్చయిపోతుంది. అందుకని తుమ్మలపల్లెలో సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు వాడి, ఎక్కువ వేడి, ఒత్తిడి మధ్య యురేనియాన్ని కరిగించే పద్ధతి పెట్టారు. సాంకేతికంగా అది చిన్న విజయం కాదు. అయితే అలా వచ్చిన బురదలో సోడియం లవణాలు ఎక్కువ. ఉప్పు నీరు చేలోకి వస్తే భూమి ఏమవుతుందో రాయలసీమ రైతుకు ఎవరూ నేర్పనక్కరలేదు.

ఆ బురద చేరే గుంటను టెయిలింగ్ పాండ్ అంటారు. తుమ్మలపల్లెలో అది కె.కె. కొట్టాల ఊరి దగ్గర ఉంది. యురేనియం తీసేశాక బురదలో ప్రమాదం పోయినట్టే అనుకుంటే పొరపాటు. ఖనిజంలో యురేనియంతో పాటు దాని నుంచి పుట్టిన థోరియం 230, రేడియం వంటివి కూడా ఉంటాయి. అవి బురదలోనే మిగిలిపోతాయి. మొదటి రేడియోధార్మికతలో సుమారు 85 శాతం అక్కడే ఉండిపోతుంది. రేడియం సగానికి తగ్గడానికి 1,600 ఏళ్లు, థోరియం 230 సగానికి తగ్గడానికి 75,000 ఏళ్లు పడుతుంది. గని బతికేది ముప్పై, నలభై ఏళ్లు. గుంటను కాపాడవలసిన కాలానికీ, గని నడిచే కాలానికీ పొంతనే లేదు. అందుకే గుంట అడుగున నీరు ఇంకకుండా బంకమట్టి, ప్లాస్టిక్ షీట్ల పొర ఎలా వేశారన్నది అనుమతి పత్రంలోని షరతులన్నిటిలోకీ ముఖ్యమైన షరతు.

2018 ప్రాంతంలో కె.కె. కొట్టాల, కనంపల్లె, భూమయ్యగారిపల్లె, మబ్బుచింతలపల్లె రైతులు బోరు నీళ్లు మారాయని చెప్పడం మొదలుపెట్టారు. ఆ నీరు పెట్టిన అరటి తోటలు ఎదగలేదన్నారు. నీరు ఎండిన చోట నేల మీద తెల్లటి పొర తేలిందన్నారు. ఒంటి మీద దురదలు, దద్దుర్లు వస్తున్నాయన్నారు. కాలుష్యం తమ గుంట వల్ల కాదని యూసీఐఎల్ చెబుతూ వచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి నిపుణులతో పరిశీలన చేయించి, గుంట అడుగు పొర విషయంలో సంస్థకు నోటీసులు ఇచ్చింది. ఇక్కడ ఆలోచించవలసిన సంగతి ఒకటుంది. గని రాకముందు ఒక్కో ఊరిలో ఒక్కో బోరులో నీటి గుణం ఎలా ఉందో, ఊరివాళ్ల సమక్షంలో కొలిచి, ఆ లెక్క ఊరి దగ్గరే ఉంచి ఉంటే ఈ వాదన ఇన్నేళ్లు సాగేది కాదు. రాయిలో సహజంగా ఉన్న యురేనియం వల్లనా, గుంట వల్లనా అన్న ప్రశ్నకు పాత లెక్కే జవాబు చెప్పేది. ఆ లెక్క చేతిలో లేనప్పుడు నిరూపించే భారం అరటి తోట పోగొట్టుకున్న రైతు మీద పడుతుంది. అది అన్యాయం.

నల్లమల కథ వేరే మలుపు తిరిగింది. 2016లో జిల్లాలు మారేదాకా కొత్తూరు, నల్లమల అడవిలోని అమ్రాబాద్ రెండూ మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం కోసం వెతకడానికి 2016 డిసెంబరులో తెలంగాణ వన్యప్రాణి మండలి సరే అన్నది. 2019 మేలో కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకున్నది. వెతకడం అంటే అడవిలో నడిచి రాళ్లు ఏరుకోవడం కాదు. నాలుగు వేల బోర్లు వెయ్యాలన్నది ప్రతిపాదన. ఒక్కో బోరుకు రిగ్గు వెళ్లాలి, రిగ్గుకు బాట కావాలి, బాటకు చెట్లు పోవాలి. అక్కడ తరతరాలుగా ఉంటున్న చెంచులకు అడవి హక్కుల చట్టం కింద హక్కులున్నాయి. చెంచు పెంటల (గూడేల) నుంచి మొదలైన ఆందోళన ఆ ఏడాది వానాకాలానికి హైదరాబాద్ దాకా పాకింది. విద్యార్థులు, సినిమావాళ్లు, రాజకీయ పక్షాలు అందరూ మాట్లాడారు. 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో బోర్లు వేయబోతున్నారని తెలిసినప్పుడు కూడా ఊళ్లు రోడ్డెక్కాయి, రాష్ట్ర ప్రభుత్వం ఆ పని ఆపించింది.

గని ప్రతిపాదన దాకా వెళ్లిన ఊళ్లకు తమ మాట అధికారికంగా రికార్డు చేయించుకోవడానికి దొరికిన వేదిక ప్రజాభిప్రాయ సేకరణ. 1997లో అది తప్పనిసరి అయింది. 2006 సెప్టెంబరు నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన దాని పద్ధతిని వివరంగా రాసింది. ముప్పై రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశం తెలుగులో కలెక్టరేట్‌లో, పంచాయతీలో దొరకాలి. సభ గని వచ్చే చోటో, దానికి దగ్గరలోనో జరగాలి. కలెక్టరో, అదనపు మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారో అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తియ్యాలి. అడిగిన ప్రతి ప్రశ్న, చెప్పిన ప్రతి అభ్యంతరం రాసి, సభ చివర జనానికి తెలుగులో చదివి వినిపించాలి. ఆ చదివి వినిపించే ఘట్టమే ఊరికి అన్నిటికంటే విలువైనది. శామియానా విప్పే వేళకు చాలామంది వెళ్లిపోతారు. ఉండి విన్నవాళ్లే, రాయనిది ఏమైనా ఉంటే అక్కడికక్కడే రాయించగలుగుతారు. జనం వద్దంటే గని ఆగిపోతుందని ఆ ప్రకటన ఎక్కడా చెప్పలేదు. ప్రతి అభ్యంతరానికీ జవాబు చెప్పాలని మాత్రం చెప్పింది. అంతకు ముందే పెద్దగట్టులో జరిగిందీ అదే: సభ వద్దన్నది, శాఖ సరే అన్నది.

2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ఆఫీసు మెమోరాండం ఇచ్చింది. అణు ఖనిజాలు, కీలక ఖనిజాలు తవ్వే గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కరలేదనీ, వాటి దరఖాస్తులన్నీ కేంద్రం స్థాయిలోనే చూస్తామనీ దాని సారాంశం. రక్షణ శాఖ, అణుశక్తి శాఖ అడిగిన మీదట ఈ నిర్ణయం తీసుకున్నారు. దేశానికి ఇంధనం కావాలి, బ్యాటరీలకు, రక్షణ పరికరాలకు ఖనిజాలు కావాలి, ఇవి నిజమైన అవసరాలు. కానీ ప్రమాదం ఎక్కువ కాలం నిలిచే ఖనిజానికే ఊరి మాట వినడం మానేయడం తిరగేసిన న్యాయం. ఆ మెమోరాండం ప్రకారం కంకర క్వారీల సమూహం మీద కొత్తూరు రైతు మైకు ముందు నిలబడి మాట్లాడవచ్చు, యురేనియం గని మీద దేవరకొండ రైతుకు ఆ మైకు ఉండదు.

మిగిలిన దారులు మూసుకుపోలేదు. గని భూమి అడవి అయితే అటవీ చట్టం కింద అనుమతి వేరుగా కావాలి, అడవి హక్కుల గుర్తింపు ముందు పూర్తి కావాలి. షెడ్యూల్డ్ ప్రాంతమైతే 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు తన మాట చెప్పే హక్కు ఇచ్చింది. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు గిరిజన ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు గనుల కోసం లీజుకివ్వకూడదని తీర్పు చెప్పింది. విశాఖ మన్యంలోని అనంతగిరి మండలం నుంచి వెళ్లిన కేసు అది. 2015 చట్ట సవరణతో గనుల ప్రభావం ఉన్న జిల్లాల్లో ఖనిజ నిధి ఏర్పడింది. లీజుదారు రాయల్టీతో పాటు దానిలో కొంత శాతం ఈ నిధికి కట్టాలి. గని వల్ల నష్టపోయిన ఊళ్లలో ఆ డబ్బు మొదట ఖర్చు చేయవలసిన పనుల్లో తాగునీరు ఒకటి.

అనుమతి పత్రం వచ్చాక కూడా ఊరికి పని ఉంటుంది. ఆ పత్రంలో పదుల కొద్దీ షరతులుంటాయి. ఏ బోర్లలో ఎన్నాళ్లకోసారి నీరు పరీక్షించాలి, ఎక్కడ దుమ్ము కొలవాలి, పేలుళ్లు ఏ వేళల్లో జరపాలి అన్నవన్నీ అందులోనే ఉంటాయి. వాటిని పాటిస్తున్నామని లీజుదారు ఏటా రెండుసార్లు, జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలి. అది బహిరంగ పత్రం, పంచాయతీ అడిగి తీసుకోవచ్చు. అనుమతే తప్పు అనిపిస్తే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఉత్తర్వు తెలిసిన ముప్పై రోజుల లోపు అప్పీలు వెయ్యాలి. తగిన కారణం చూపితే మరో అరవై రోజుల దాకా గడువు పెంచే వీలుంది. ఆ పైన ఒక్క రోజు ఆలస్యమైనా ట్రిబ్యునల్ తీసుకోదు. తెలుగు రాష్ట్రాల కేసులు వినే దక్షిణ మండల ధర్మాసనం చెన్నైలో ఉంది.